కార్సెట్ల ఊరు, సైకిల్ దారులు

పోయిన నెల గ్రూపులో ఒక వదిన అడిగారు. "ప్రతి ఆదివారం మీ లెస్టర్ ఆడవాళ్లంతా ఆ మార్కెట్ హార్బరో చుట్టూనే సైకిళ్లేసుకుని తిరుగుతారేంటి? గడ్డి, గొర్రెలు తప్ప అక్కడేముంది?" అని. వాయిస్ మెసేజ్‌లో చెబుదామని మొదలుపెట్టి మూడుసార్లు డిలీట్ చేశాను. అది అంత చిన్న జవాబు కాదు. అందుకే ఈ నెల పత్రికకి రాసి పంపుతున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు ఊరి సంగతి. మార్కెట్ హార్బరో లెస్టర్‌కి దక్షిణంగా పదిహేను మైళ్ల దూరంలో ఉంటుంది. రైలెక్కితే పావుగంట. వెలాండ్ నది ఒడ్డున ఉన్న సంత ఊరు. నది దాటితే నార్తాంప్టన్‌షైర్. 13వ శతాబ్దం మొదటినుంచీ ఇక్కడ సంత జరిగినట్టు రికార్డులున్నాయి. అంటే మన ఓరుగల్లులో గణపతిదేవుడు రాజ్యం చేస్తున్న రోజులన్నమాట. ఊరి నడిబొడ్డున పెద్ద చర్చి, దాని పక్కనే కొయ్య స్తంభాల మీద నిలబెట్టిన ఒక చిన్న బడి ఉంటాయి. బడి 1614లో కట్టారు. పైన పిల్లలు చదువుకునేవాళ్లు. కింద, ఆ స్తంభాల మధ్య నీడలో, పల్లెల ఆడవాళ్లు వెన్న అమ్ముకునేవాళ్లు. వాన పడినా వెన్న తడవకుండా, ఎండ తగిలి కరగకుండా.

మా అమ్మ పోయిన వేసవిలో వచ్చినప్పుడు మొదట చూపించింది ఆ బడే. అమ్మ కాసేపు తలెత్తి చూసి, "పైన చదువుకుంది మగపిల్లలేనా?" అంది. అవునన్నాను. "అంతేలే. కింద కూర్చుని అమ్మిన డబ్బుల్తోనే పైన ఫీజు కట్టుంటారు" అంది. ఆ మాటకి రుజువు నా దగ్గర లేదు గానీ, అప్పట్నుంచీ ఆ బడి పక్కగా సైకిల్ మీద వెళ్లినప్పుడల్లా నా చూపు కిందకే పోతుంది.

ఇక దారుల సంగతి. ఊరు దాటి ఏ వైపు వెళ్లినా రెండు మైళ్లలో కార్ల రొద తగ్గిపోతుంది. గ్రేట్ బౌడెన్ మీదుగా తూర్పుకి వెళ్తే వెల్హామ్, స్లాస్టన్, హాలటన్, మెడ్‌బోర్న్. పడమరకి వెళ్తే ఫాక్స్‌టన్, గమ్లీ, లాటన్, థెడింగ్‌వర్త్, లబెన్‌హామ్. అన్నీ చిన్న ఊళ్లు. మధ్యలో నేల అలలు అలలుగా లేచి పడుతూ ఉంటుంది. మరీ పెద్ద కొండలేమీ కావు. ఎక్కేటప్పుడు మాత్రం "ఇది కొండ కాదన్న వాళ్లెవరే" అని మాలో ఒకామె ప్రతిసారీ తిడుతుంది.

ఈ దారులు ఇంత ప్రశాంతంగా ఎందుకున్నాయి అని నాకు చాలా రోజులు తోచలేదు. ప్రకృతి అలా ఉందిలే అనుకున్నాను. కాదట. దానికో చరిత్ర ఉంది, అది అంత ప్రశాంతమైనదేమీ కాదు.

సాయంత్రం ఎండ వాలేటప్పుడు ఇక్కడి గడ్డి పొలాల్ని చూడండి. గడ్డి కింద నేల పొడుగ్గా, వరసగా, గట్టూ పల్లం గట్టూ పల్లంగా కనిపిస్తుంది, కార్డురాయ్ గుడ్డ పరిచినట్టు. అవి నాగలి చాళ్లు. వందల ఏళ్ల క్రితం ఎద్దులతో దున్నినవి. అప్పట్లో ఊరి పొలమంతా కంచెల్లేకుండా రెండు మూడు పెద్ద తుండాలుగా ఉండేది. ప్రతి కుటుంబానికీ అక్కడో పట్టీ ఇక్కడో పట్టీ. ఊరందరికీ కలిపి మేత భూమి, మన బంచరాయి లాంటిది. 18వ శతాబ్దంలో పార్లమెంటు ఒక్కో ఊరికి ఒక్కో చట్టం చేసి ఆ భూమిని పంచి, కంచెలు వేయించింది. ఎన్‌క్లోజర్ అంటారు. పెద్ద రైతులకి కలిసొచ్చింది. ఈ బంకమన్ను నేలల్లో గోధుమ పండించడం కన్నా గొర్రెల్నీ పశువుల్నీ మేపడమే లాభమని తేలింది. దున్నేచోట పదిమంది కావాలి, మేపేచోట ఒకడు చాలు. మిగతావాళ్లు ఊరొదిలి పోయారు.

ఇక్కడ ఆడవాళ్ల లెక్క వేరే వెయ్యాలి. భూమి పట్టా వాళ్ల పేరున ఎలాగూ లేదు. కానీ బంచరాయిలో ఆవుని మేపుకోవడం, పొయ్యిలోకి పుల్లలు ఏరుకోవడం, కోత అయ్యాక పరిగె ఏరుకోవడం, ఇవన్నీ వాళ్లు, పిల్లలు చేసే పనులు. పరిగె గింజలతో కొన్ని ఇళ్లలో వారాల తరబడి రొట్టె వెళ్లిపోయేది. కంచె పడ్డాక ఆవు పోయింది, వెన్న పోయింది. పొలం గడ్డిబీడైతే పరిగె కూడా పోయినట్టే. ఆ నష్టం ఏ పట్టాలోనూ రాసి లేదు కాబట్టి ఎవరూ పరిహారం ఇవ్వలేదు. మన దగ్గర ప్రాజెక్టుల కింద ఊళ్లు పోయినప్పుడు పట్టా ఉన్నవాళ్ల పేర్లే కాగితాల్లోకి ఎక్కడం చూశాం కదా.

ఆ కంచెలు వేసిన కమిషనర్లే కొత్త దారులూ గీశారు. చాలాచోట్ల నలభై అడుగుల వెడల్పున వదలమన్నారు. వానాకాలం మధ్యలో బురదైతే పక్కనుంచి పశువుల్ని తోలుకెళ్లడానికి. తర్వాత మధ్యలో కొంచెం మేరకే తారు పడింది. అందుకే మనం సైకిల్ తొక్కే దారికి రెండు పక్కలా అంత వెడల్పైన గడ్డి అంచులు. ఒకచోట దారి తిన్నగా వచ్చి ఉన్నట్టుండి పక్కకి తిరిగి మళ్లీ తిన్నగా వెళ్తుంది. ఎందుకా అని చూస్తే అది చాలాసార్లు ఊరి పొలిమేర అయి ఉంటుంది. ఈ ఊరి కమిషనర్ గీసిన గీత, ఆ ఊరి కమిషనర్ గీసిన గీత సరిగ్గా కలవలేదన్నమాట. కొన్ని దారుల మీద ఇప్పటికీ గేట్లున్నాయి. దిగి, తీసి, దాటి, మళ్లీ మూసి వెళ్లాలి. మూయకపోతే గొర్రెలు రోడ్డున పడతాయి.

1850లో ఊరికి రైలొచ్చింది. గుర్రపు బళ్లు, కోచ్‌లు తగ్గిపోయాయి. పల్లె దారులు ఇంకా ఖాళీ అయ్యాయి. రైలు అనగానే థామస్ కుక్ గుర్తొస్తాడు. ఆయన ఈ ఊళ్లో కుర్చీలూ బల్లలూ చేసుకునే వడ్రంగి. 1841 జూన్‌లో మద్యపాన వ్యతిరేక సభకని ఇక్కణ్నుంచి లెస్టర్‌కి నడిచి వెళ్తూ, అందర్నీ రైలెక్కించి తీసుకెళ్తే ఎలా ఉంటుందీ అనుకున్నాడట. జూలై 5న సుమారు ఐదొందల మందిని మనిషికి ఒక షిల్లింగు చొప్పున లెస్టర్ నుంచి లాఫ్‌బరోకి తీసుకెళ్లాడు. ప్రపంచమంతా తిరిగే టూర్ ప్యాకేజీల కథ అక్కడ మొదలైంది. ఆయన గురించి పుస్తకాలు బోలెడున్నాయి కాబట్టి ముందుకెళ్దాం.

నాకు ఈ ఊళ్లో అసలు ఆసక్తి కలిగించింది ఆ చర్చి వెనకాల ఉన్న పెద్ద ఎర్ర ఇటుకల భవనం. ఇప్పుడందులో కౌన్సిల్ ఆఫీసు, లైబ్రరీ, మ్యూజియం ఉన్నాయి. 1889లో కట్టినప్పుడు అది సిమింగ్టన్ వాళ్ల కార్సెట్ ఫ్యాక్టరీ. కార్సెట్ అంటే నడుము సన్నగా కనిపించాలని ఆడవాళ్లు లోపల తొడుక్కుని, వెనక తాళ్లు బిగించుకునే గట్టి చొక్కా. ఈ వ్యాపారం మూలం ఒక ఆడమనిషి దగ్గరుంది. సారా గోల్డ్ అని, నడుము చొక్కాలు కుట్టే పనిమంతురాలు. 1830లలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన జేమ్స్ సిమింగ్టన్‌ని పెళ్లి చేసుకుంది. ఆమె పనిని కొడుకులు కుట్టుమిషన్లు తెప్పించి ఫ్యాక్టరీ చేశారు. బోర్డు మీద మాత్రం కొడుకుల పేర్లే, ఆర్. అండ్ డబ్ల్యూ.హెచ్. సిమింగ్టన్ అని.

ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉన్న ఆడపిల్లలకి ఆ ఫ్యాక్టరీ పెద్ద ఆధారం. వెన్న గంప పోయాక చేతికి జీతం తెచ్చిన పని అది. తమలాంటి ఆడవాళ్ల నడుములు బిగించే బట్ట కుట్టి, ఆ డబ్బుల్తో ఇల్లు నడిపారు. మ్యూజియంలో ఆ కార్సెట్లు కొన్ని పెట్టారు. ఇంటిపనులు చేసే అమ్మాయిల కోసమని చౌకగా, గట్టిగా చేసిన రకం కూడా ఒకటుంది. దాని పేరు 'ప్రెటీ హౌస్‌మెయిడ్'. అంట్లు తోమి, బొగ్గులు మోసి, నేల తుడిచే పిల్ల కూడా నడుము బిగించుకునే పని చెయ్యాలన్నమాట! 1908లో అదే కంపెనీ 'లిబర్టీ బాడిస్' అని మెత్తటి గుడ్డతో వదులైన చొక్కా తెచ్చింది. ఈ దేశంలో ఒక తరం ఆడపిల్లలు చలికాలమంతా అదే తొడుక్కుని పెరిగారు. మా వీధిలో పెద్దవాళ్లకి ఆ పేరు చెబితే ఇప్పటికీ దాని రబ్బరు గుండీల గురించి మాట్లాడతారు. రెండో ప్రపంచ యుద్ధంలో అవే మిషన్ల మీద పారాచూట్లు కుట్టారు.

ఆ ఇరవై ఏళ్లలో, అంటే కార్సెట్ ఫ్యాక్టరీ కట్టినప్పటికీ లిబర్టీ బాడిస్ వచ్చినప్పటికీ మధ్యలో, సైకిల్ ఆడవాళ్ల దాకా వచ్చింది. కార్సెట్ వదులు కావడానికి అదొక్కటే కారణమని నేననను. డాక్టర్లు కూడా అప్పటికే గోల పెడుతున్నారు. కానీ బిగించిన నడుముతో గమ్లీ గుట్ట ఎక్కి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

1885లో ఇక్కడికి దగ్గర్లోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన రోవర్ సైకిల్ చేశాడు. రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే సైజు, పెడల్ నుంచి వెనక చక్రానికి చైను. ఇవాళ మనం తొక్కే సైకిల్ రూపం అదే. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఆ తర్వాత గౌనుకి అడ్డం రాకుండా మధ్య కడ్డీ కిందకి దించి లేడీస్ సైకిళ్లు చేశారు. అయినా పొడుగు గౌన్లు చైన్లో, చక్రంలో పడేవి. అందుకని కొందరు లాగుల్లాంటి వదులు బట్టలు వేసుకోవడం మొదలుపెట్టారు. ఊరు ఊరంతా నోరు నొక్కుకుంది. 1893లో బ్రైటన్‌లో టెస్సీ రెనాల్డ్స్ అనే పదహారేళ్ల పిల్ల అలాంటి బట్టల్లో లండన్ దాకా వెళ్లి ఎనిమిదిన్నర గంటల్లో తిరిగొచ్చింది. పేపర్లు ఆ పిల్ల వేగం కన్నా ఆ లాగు గురించే ఎక్కువ రాశాయి. 1898లో లేడీ హార్బర్టన్ అనే పెద్దింటావిడ సర్రేలో సైకిల్ దిగి ఒక హోటల్‌కి వెళ్తే, ఆ బట్టలతో కాఫీ రూములోకి రానివ్వలేదు. సైక్లిస్టుల సంఘం కేసు వేసింది. మరుసటేడు ఓడిపోయింది కూడా.

మా లెస్టర్‌లోనే ఒకామె ఉంది. ఆలిస్ హాకిన్స్. ఈక్విటీ షూస్ అనే సహకార చెప్పుల ఫ్యాక్టరీలో మిషన్ మీద కుట్టే పని. ఆరుగురు పిల్లల తల్లి. ఆడవాళ్లకి ఓటు కావాలని 1907లో మొదటిసారి జైలుకెళ్లింది. మొత్తం ఐదుసార్లు. ఆమె క్లారియన్ సైక్లింగ్ క్లబ్బు మనిషి. లాగు వేసుకుని సైకిల్ తొక్కి లెస్టర్ జనాన్ని బెదరగొట్టిందని చెప్పుకుంటారు. ఓటు మాట చెప్పడానికి తోటి ఆడవాళ్లతో కలిసి సైకిళ్ల మీద చుట్టుపక్కల పల్లెలకి వెళ్లేది. ఫ్యాక్టరీలో వారమంతా పని, ఉన్న ఒక్క ఆదివారం ఇలా. 2018లో మార్కెట్ దగ్గర ఆమె విగ్రహం పెట్టారు. మేం ఫొటో దిగడానికి వెళ్లినప్పుడు అందరం హెల్మెట్లతోనే నిలబడ్డాం. పక్కనుంచి వెళ్తున్న పెద్దాయన "ఆమె చూస్తే సంతోషపడేది" అన్నాడు.

ఇదంతా విని మా అమ్మ మ్యూజియంలో ఆ కార్సెట్ల ముందు నిలబడి నాకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. ఎనిమిదో తరగతిలో మా మావయ్య సైకిల్, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకుందట. హైస్కూలు నాలుగు మైళ్లు. ఒకరోజు ఓణీ చైన్లో పడి, కాలువ గట్టు మీద బోర్లా పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. తాతయ్య దెబ్బకి కట్టు కట్టించి, సైకిల్ మానిపించాడు. సైకిల్ లేదు కాబట్టి హైస్కూలూ లేదు. "ఓణీ మానిపించాలని ఎవరికీ తోచలేదే అమ్మా" అంది. ఆ మచ్చ నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. పొయ్యి దగ్గర కాలిందనుకునేదాన్ని.

నేను సైకిల్ నేర్చుకుంది నలభై మూడో ఏట. ఎవరు ఎందుకు అడిగినా ఇన్నాళ్లూ "మోకాళ్ల కోసం" అని చెప్పేదాన్ని.

హాలటన్ దారి గురించి రెండు మాటలు. ఈస్టర్ సోమవారం నాడు హాలటన్, మెడ్‌బోర్న్ ఊళ్ల మధ్య చిన్న పీపాల కోసం కుమ్ములాట ఆట జరుగుతుంది. ఆ రోజు అటు సైకిళ్లు తీసుకెళ్లకండి. ఆ ఊరి దగ్గర 2000లో స్థానిక ఔత్సాహికులు ఒక పొలంలో ఐదు వేలకు పైగా పాత నాణేలు, వెండి పూత పోసిన రోమన్ గుర్రపురౌతు శిరస్త్రాణం కనుక్కున్నారు. అవి ఆ కార్సెట్ భవనంలోనే చూడొచ్చు. మెడ్‌బోర్న్‌లో వాగు మీద పాతకాలపు సన్నటి రాతి వంతెన ఉంది. మేం తెచ్చుకున్న పులిహోర తినేది అక్కడే.

ఫాక్స్‌టన్ వైపు వెళ్తే కాలువ మీద మెట్లలాగా పది లాకులుంటాయి, 1814 నాటివి. పడవ డెబ్బై ఐదు అడుగులు పైకెక్కుతుంది. పిల్లల్ని తీసుకెళ్లడానికి మంచి చోటు. కొత్తగా నేర్చుకున్నవాళ్లకి మాత్రం బ్రాంప్టన్ వ్యాలీ వే చెబుతాను. పాత రైలు మార్గం అది. 1859లో మొదలై 1981లో మూతపడింది. 1993లో నడకకీ సైకిళ్లకీ తెరిచారు. పద్నాలుగు మైళ్లు, కార్లుండవు. మధ్యలో రెండు సొరంగాలున్నాయి, లోపల దీపాల్లేవు. లైటు పెట్టుకోండి. పైనుంచి నీళ్లు కారుతుంటాయి. మా వాళ్లు లోపల పాటలు పాడతారు. భయానికో, ఆ ప్రతిధ్వని కోసమో వాళ్లనే అడగండి.

ఇక నేస్‌బీ. దీన్ని రాయాలా వద్దా అని ఆలోచించాను. కానీ నన్ను అడిగింది అక్కడేముందని కదా.

ఊరికి నైరుతిగా ఏడు మైళ్లలో ఉంటుంది. మార్స్టన్ ట్రసెల్, సిబ్బర్‌టాఫ్ట్ మీదుగా ఎక్కుతూ వెళ్లాలి. ఎత్తైన నేల. ఏవన్ నది అక్కడే పుట్టి పడమరకి పోతుంది, వెలాండ్ సిబ్బర్‌టాఫ్ట్ దగ్గర పుట్టి తూర్పుకి పోతుంది. 1645 జూన్ 14న అక్కడ రాజు చార్లెస్ సైన్యానికీ పార్లమెంటు సైన్యానికీ యుద్ధం జరిగింది. రాజు ముందు రాత్రి లబెన్‌హామ్‌లో పడుకున్నాడు. పొద్దున పదింటికి మొదలైన యుద్ధం కొద్ది గంటల్లో తేలిపోయింది, రాజు ఓడిపోయాడు. ఇంగ్లండు చరిత్ర అక్కడ మలుపు తిరిగిందని బోర్డు మీద రాస్తారు. గెలుపు గుర్తుగా 1823లో ఒక స్తంభం, 1936లో ఇంకొకటి నిలబెట్టారు.

ఆ సైన్యం వెంట ఆడవాళ్లు ఉండేవాళ్లు. భార్యలు, వంట చేసేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, గాయాలకి కట్లు కట్టేవాళ్లు. రాజు సైన్యం పారిపోతుంటే, గెలిచిన సైనికులు వెంటపడి ఆ ఆడవాళ్లలో కనీసం వందమందిని చంపేశారు. మిగిలినవాళ్లలో చాలామందికి ముఖాల మీద గాట్లు పెట్టారు. వాళ్లు ఐరిష్ ఆడవాళ్లని, పెద్ద కత్తులు పట్టుకున్నారని, చెడ్డవాళ్లని ఆ వారం లండన్ పత్రికలు రాశాయి. వాళ్లు చాలావరకు వేల్స్ నుంచి వచ్చిన సైనికుల ఇళ్లవాళ్లని చరిత్రకారులు ఇప్పుడు అంటున్నారు. వాళ్లు మాట్లాడిన వెల్ష్ భాష ఆ సైనికులకి అర్థం కాలేదు. అర్థం కాని మాటల్ని శత్రువు మాటలనుకున్నారు. ఆ కత్తులు బహుశా వంట కత్తులు.

ఈ సంగతి నాకు తెలిసిన తర్వాతి ఆదివారం మేం సిబ్బర్‌టాఫ్ట్ దారిలో వెళ్తున్నాం. ముందున్నామె వెనకామెకి గట్టిగా తెలుగులో ఏదో చెబుతోంది, బెల్లం గురించో ఏదో. వెనకనుంచి వచ్చిన కారులో ఒకడు అద్దం దించి "ఇంగ్లీషులో మాట్లాడండి" అని అరిచి వెళ్లిపోయాడు. మామూలుగా అయితే నవ్వేసి ఊరుకునేవాళ్లం. ఆ రోజు నాకు నోట్లోంచి మాట రాలేదు. స్మారకం దగ్గర ఆగి మా వాళ్లకి ఆ వందమంది సంగతి చెప్పాను. వాళ్లకి అక్కడ విడిగా ఒక స్తంభం ఏదీ లేదు. మాలో ఒకామె దారి పక్కన పూసిన తెల్లపూలు కోసి కంచె మీద పెట్టింది. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత తెలుగులోనే మాట్లాడుకుంటూ దిగాం, మామూలు కన్నా కొంచెం గట్టిగానే.

అమ్మ వెళ్లేముందు వారం తనని కూడా తీసుకెళ్లమంది. మావారు కారులో అమ్మని మాకన్నా ముందు తీసుకెళ్లి లాంగ్టన్‌ల అవతల గేటున్న దారి దగ్గర దింపారు. మేం గుట్ట దిగి వచ్చేసరికి, చీర మీద నా పాత చలికోటు వేసుకుని గేటు తెరిచి పట్టుకుని నిలబడి ఉంది. ఆగనవసరం లేకుండా ఒక్కొక్కరం దాటాం. దాటిన ప్రతి ఒక్కరినీ లెక్కపెట్టింది. చివరికి గేటు మూసి గొళ్లెం పెట్టబోతూ నన్ను పిలిచింది.

"ఏమే, ఏడుగురన్నావు. ఆరుగురే వచ్చారు."

ఏడో ఆమె గుట్ట మీద పంక్చరేసుకుంటోంది. అమ్మ గొళ్లెం తీసేసి, మళ్లీ గేటు పట్టుకుని నిలబడింది.